రాష్ట్రంలో మైనారిటీ, మార్కెట్‌లో మెజారిటీ: ఒడిశా సరిహద్దు తెలుగుపై ప్రపంచ వినోదం ముద్ర

సంక్షిప్తంగా: ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల తెలుగువారికి ప్రపంచ మీడియా తెలుగును దూరం చేయడం లేదు. గతంలో ఎన్నడూ లేనంత తెలుగును ఇంట్లోకి తెస్తోంది. అయితే ఆ వచ్చే తెలుగు హైదరాబాద్‌లో తయారైన వినికిడి తెలుగు. బరంపురం యాస, తెలుగు అక్షరం, సామూహిక కళలు దాని వెనుక వెలిసిపోతున్నాయి. డబ్బింగు వ్యాపారం లెక్కలు, బడి లెక్కలు వేర్వేరుగా నడవడమే ఇందుకు ప్రధాన కారణం.

మార్చి 20 వస్తే ఒడిశా సోషల్ మీడియా నిండా పఖాళ గిన్నెలే. ఆ రోజు పఖాళ దిబస. నీళ్లు పోసి పులియబెట్టిన అన్నం, పెరుగు, బడి చూర (నలిపిన వడియాలు), వేయించిన చేప, పక్కన ఒక ఫొటో. దేశవిదేశాల్లో ఉన్న ఒడియాలు ఫోన్లలో పంచుకుంటూ ఆ రోజును పెద్దది చేశారు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురంలోని తెలుగు ఇళ్లలోనూ ఆ అన్నమే తింటారు. అక్కడ దాని పేరు చద్దన్నం, పులిసిన నీళ్ల పేరు తరవాణి. తినడానికి రెండూ ఒకటే. ఫొటో కింద ఏ పేరు రాయాలన్న దగ్గర మాత్రం ఒకటి ఎంచుకోవాలి. పఖాళ అని రాస్తే ఆ రోజు లక్షల పోస్టుల సరసన చేరుతుంది. తరవాణి అని రాస్తే వెతికేవారు తక్కువ.

తన సంస్కృతికి పెట్టుకునే పేరు కూడా ఎక్కువమంది చూసే పేరు వైపు జరుగుతుందన్నది ఈ చిన్న ఎంపికలో కనిపిస్తుంది. సరిహద్దులో పుట్టి పెరిగినవారికి ఇలాంటి ఎంపికలు రోజూ ఎదురవుతాయి. ప్రపంచ వినోదం గుర్తింపును ఎలా మారుస్తుందో అర్థం చేసుకోవడానికి మహానగరాలకన్నా ఈ ఊళ్లు మంచి చోటు అనడానికి కారణం అదే.

గీత పడిన తీరు

ఒడిశా 1936 ఏప్రిల్ 1న ప్రత్యేక రాష్ట్రమైంది. మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో పెద్ద భాగం, జయపురం జమీందారీ అందులో కలిశాయి. పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలింది. ఊరు ఒడిశాకు, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపుకు వెళ్లాయి. వాడుక భాషా ఉద్యమాన్ని నడిపిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఊరు ఒడిశాలో చేరడాన్ని ఒప్పుకోలేక 1936లోనే రాజమండ్రికి తరలిపోయారు. బరంపురంలో పుట్టి పర్లాకిమిడిలో ఆయన దగ్గర చదువుకున్న తాపీ ధర్మారావు, 1938 నాటి 'మాలపిల్ల'కు వాడుక భాషలో సంభాషణలు రాశారు. తెలుగు తెర నిజంగా మాట్లాడే తెలుగును ఎత్తుకోవడంలో ఈ సరిహద్దు పట్టణాల పాత్ర చిన్నది కాదు. నేటి పరిస్థితిని చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మహారాష్ట్ర వైపు కథ వేరు. రాజురా, కిన్వట్ ప్రాంతాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. ప్రాణహిత, గోదావరి కలిసే చోట కాళేశ్వరానికి ఎదురు ఒడ్డున ఉన్న సిరోంచ అంతకు చాలా ముందు నుంచే సెంట్రల్ ప్రావిన్సెస్‌ది. 1982లో ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలో అది ఇప్పుడు దక్షిణపు కొస.

గతంలో హద్దులు గాలికీ ఉండేవి

ఉపగ్రహ చానళ్లు రాకముందు వినోదానికి భౌతికమైన హద్దు ఉండేది. రేడియో కేంద్రం ఏ రాష్ట్రంలో ఉంటే కార్యక్రమాల్లో ఎక్కువ భాగం ఆ రాష్ట్ర భాషలో వచ్చేవి. దూరదర్శన్ ప్రాంతీయ ప్రసారాలూ అంతే. తెలుగు పత్రిక రైల్లో రావాలి, సినిమా రీళ్లు డబ్బాల్లో రావాలి. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉండటం బరంపురానికి, నౌపడ నుంచి చిన్న రైలు 1900లోనే రావడం పర్లాకిమిడికి కలిసొచ్చింది. లోపల ఉన్న మల్కన్‌గిరికి ఆ వీలు లేదు. అంటే తెలుగుతో సంబంధం ఎంత గట్టిదన్నది దారులను బట్టి, ప్రభుత్వ ప్రసార విధానాన్ని బట్టి ఉండేది.

1995లో ఈటీవీ, జెమిని వంటి ఉపగ్రహ చానళ్లు వచ్చాక మొదటి గోడ కూలింది. ఉపగ్రహానికి రాష్ట్ర సరిహద్దు తెలియదు. రెండో గోడ 2016 సెప్టెంబరులో జియో రాకతో పోయింది. డేటా చవకైంది, ఇంటికి ఒక టీవీ ఉన్న చోట మనిషికో తెర వచ్చింది. 2020 జూన్ చివర టిక్‌టాక్‌ను నిషేధించగానే ఆ ఖాళీని నింపడానికి రీల్స్, షార్ట్స్ వంటివి కొద్ది వారాల్లో, నెలల్లో పోటీ పడ్డాయి. తెర మీద ఏ భాష కనబడాలో నిర్ణయించే పని ప్రసార శాఖ చేతి నుంచి సిఫారసు యంత్రాంగం చేతికి మారింది. చూసేవారు ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారన్నదే ఆ యంత్రాంగానికి ముఖ్యం. గంజాం జిల్లా వాసి తెలుగు పాట దగ్గర ఆగితే రెండోదీ తెలుగే వస్తుంది, పదోదీ తెలుగే వస్తుంది.

డబ్బింగు లెక్క

ఇక్కడే సాధారణంగా ఎవరూ పట్టించుకోని తిరకాసు ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు. ఒడియావారు 3.75 కోట్లు. అంతర్జాతీయ ఓటీటీ సంస్థ ఒక కొరియా సీరియల్‌నో హాలీవుడ్ చిత్రాన్నో భారత్‌కు తెచ్చేటప్పుడు ఏయే భాషల్లో గొంతు పెట్టాలో ఖర్చు చూసుకుని నిర్ణయిస్తుంది. మొదట హిందీ, ఆ తర్వాత తమిళం, తెలుగు. తెలుగువారిలో టికెట్ కొని, చందా కట్టి సినిమా చూసే అలవాటు గట్టిది. ఒడియా, మరాఠీ ప్రేక్షకులు హిందీలో చూస్తారన్న అంచనాతో ఆ భాషల్లో విదేశీ డబ్బింగు అంత విరివిగా చేయరు.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. బరంపురంలో తెలుగు పిల్లవాడు బడిలో మైనారిటీ. ప్రభుత్వ కార్యాలయంలో, దుకాణం బోర్డు మీద, పోటీ పరీక్షలో అతని భాషకు చోటు తక్కువ. రాత్రి ఫోన్ తెరిస్తే మాత్రం సియోల్ కథ అతని మాతృభాషలో దొరుకుతుంది. పక్క బెంచీలో కూర్చునే ఒడియా స్నేహితుడు అదే కథను హిందీలో చూడాలి. రాష్ట్రంలో చిన్నదైన భాష మార్కెట్‌లో పెద్దది. రాష్ట్రంలో పెద్దదైన భాష మార్కెట్‌లో వెనకబడింది. ఎన్నో ఒడియా చిత్రాలు తెలుగు కథలకు రీమేక్‌లుగా రావడం కూడా ఈ అసమానతకు పాత సాక్ష్యమే.

ప్రపంచ మీడియా అంటే పెద్ద దేశం చిన్న దేశం మీద చేసే సాంస్కృతిక దండయాత్ర అని హెర్బర్ట్ షిల్లర్ వంటి మీడియా విమర్శకులు గత శతాబ్దపు 60, 70ల్లో వాదించారు. 1980లో యునెస్కోకు మెక్‌బ్రైడ్ కమిషన్ ఇచ్చిన నివేదికలోనూ సమాచార ప్రవాహం ఒకే వైపు సాగుతోందన్న ఆందోళన ఉంది. ఆ చట్రంలో రెండే పాత్రలు: మింగేది, మింగబడేది. సరిహద్దు జిల్లాలకు ఇది చాలదు. అమెరికా సీరియల్ 'డల్లాస్'ను ఇజ్రాయెల్‌లోని వేర్వేరు సమూహాలు ఎలా చూశాయో 1980లలో పరిశీలించిన మీడియా పరిశోధకులు తమార్ లీబెస్, ఎలిహు కాట్జ్, ఒకే కథలో ఒక్కో సమూహం ఒక్కో అర్థం వెతుక్కుందని చూపారు. చూసేవారు ఖాళీ కుండలు కారన్నది అక్కడి పాఠం. అయినా వారి చేతిలో లేని సంగతి ఒకటుంది. ఏ భాషలో, ఏ యాసలో ఆ కథ అందుబాటులోకి వస్తుందన్నది వేరేవారు ముందే నిర్ణయించి ఉంటారు.

వచ్చేది ఏ తెలుగు?

2023 మార్చిలో తెలుగు సినిమా పాటకు ఆస్కార్ వచ్చాక, ఒడిశా తెలుగువారి గొంతుల్లో కొత్త ధీమా రావడం సహజమే. 'మద్రాసీ' అనో 'తెలెంగా' అనో పిలిపించుకున్న భాషకు ప్రపంచ వేదిక దొరికింది. ఈ గౌరవం నిజమైనది, దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అయితే అది అందరికీ ఒకేలా పంచబడలేదు.

పర్లాకిమిడి, గుణుపురం వైపు మాట ఉత్తరాంధ్ర మాటకు చుట్టం. 'ఏటి సేత్తన్నావు', 'నానొచ్చినాను', 'గుంటడు' అంటూ సాగే పలుకులో ఒడియా మాటలు కలిసిపోయి ఉంటాయి. తెర మీద ఈ యాసకు చాలాకాలం దక్కింది నవ్వించే పాత్ర, పనిమనిషి పాత్ర. హీరో ఆ యాసలో మాట్లాడే కథలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. డబ్బింగు తెలుగులో అయితే అసలు యాసే ఉండదు. కొరియా పోలీసు, అమెరికా శాస్త్రవేత్త, జపాన్ కార్టూన్ బొమ్మ అందరూ ఒకే స్టూడియో తెలుగు మాట్లాడతారు. రోజుకు మూడు గంటలు ఆ తెలుగు విన్న పిల్లలకు ఇంట్లో మామ్మ మాట 'తప్పు తెలుగు'గా తోచడంలో వింత లేదు. ఒడియా ఒత్తిడి వల్ల కాకుండా తెలుగు వల్లే ఇంటి తెలుగు చిన్నబోతున్న సందర్భం ఇది.

సిరోంచ దగ్గర దృశ్యం మారుతుంది. అక్కడి తెలుగు తెలంగాణ పలుకుకు దగ్గర. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక యూట్యూబ్‌లో జానపద పాటల వెల్లువ వచ్చింది. సినిమాల్లో 'ఏం జేస్తున్నవ్', 'గట్లనే' అనే మాట హాస్యం నుంచి కథానాయకుడి నోటికి ఎక్కింది. దాంతో మరాఠీ బడిలో చదివే సిరోంచ పిల్లలకు తెరలో వినిపించేది తమ పలుకుకు దగ్గరి మాటే. అదే యూట్యూబ్, అవే ఫోన్లు, అదే డేటా ధర. తేడా తెచ్చింది సాంకేతికత కాదు. నదికి అవతల తమ యాసకు గౌరవం సాధించిన ఉద్యమం, దాని తర్వాత వచ్చిన ప్రభుత్వం, ఆ వెనుక పెరిగిన సంగీత వ్యాపారం. మీడియా ప్రభావాన్ని మీడియాలోనే వెతికితే ఈ తేడా దొరకదు.

తెలుగు చానళ్ల రేటింగుల పోటీ ప్రధానంగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్ చుట్టూ తిరుగుతుంది. బరంపురంలోని తెలుగు ఇల్లు సీరియల్ చూస్తుంది, కానీ ఆ కథను మలిచే లెక్కలో ఆ ఇంటి బరువు తక్కువ. అందుకే ఆ కథల్లో బరంపురం కనబడదు. చూసే హక్కు ఉంది, కనబడే హక్కు లేదు.

చెవికి అందింది, కంటికి అందలేదు

ప్రస్తుత వినోదం మొత్తం మాట, బొమ్మల మీద నడుస్తుంది. చదవాల్సింది దాదాపు లేదు. ఒడియా లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదివిన తెలుగు యువతకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం వస్తుంది, పాటలు నోటికి వస్తాయి. రాయాల్సి వస్తే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు. తెలుగు బోర్డు ముందు నిలబడితే కూడబలుక్కుంటూ చదవాలి.

ఇది పూర్తిగా ఫోన్ల తప్పు కాదు. ఒడిశాలో తెలుగు మాధ్యమ బడులు తగ్గుతూ వచ్చింది ఫోన్లకు ముందు నుంచే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. అంతకుముందు, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలత పెట్టింది: బడిలో 40 మంది లేదా తరగతిలో 10 మంది ఆ భాష పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ని నియమించాలి. ఆ లెక్క కుదరాలంటే తల్లిదండ్రులు తెలుగు అడగాలి. ఉద్యోగం ఒడియాతో, ఇంగ్లీషుతో ముడిపడ్డ చోట వారు అడగరు. వినోదం ఈ పరిస్థితిని సృష్టించలేదు గానీ, అడగనక్కర్లేదన్న భరోసా ఇస్తోంది. 'పిల్లాడికి తెలుగు ఎలాగూ వస్తోంది కదా, టీవీ చూస్తున్నాడు' అనుకోవడం తేలిక. వినికిడి భాష వచ్చిందని అక్షరాన్ని వదులుకోవడం ఇలా జరుగుతుంది.

అక్షరం పోతే పోయేదేమిటి? పర్లాకిమిడిలో పుట్టిన వాడుక భాషా వాదం మొత్తం మాట్లాడే భాషను రాతలోకి తేవడానికే. ఆ ఊరి మనవళ్లు మాట్లాడే భాషకు రాత లేకుండా పోవడం ఆ ఉద్యమపు నడకను తిరగేయడమే. మరీ లౌకికంగా చూసినా, తాతల నాటి దస్తావేజు, ఇంట్లో ఉన్న పాత ఉత్తరం, పెళ్లి పత్రిక వెనుక రాసిన వంశక్రమం చదవలేనివవుతాయి.

జాతర వీధిలో

బరంపురంలో రెండేళ్లకొకసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రకు మూలం దేరా అనే తెలుగు నేతకారులతో ముడిపడి ఉంది. ఈ ప్రాంతాన్ని ఏలిన మహురి రాజుల కాలంలో తెలుగు నేల నుంచి వలస వచ్చిన ఈ కుటుంబాల చేతిలోనే బరంపురం పట్టు పెరిగింది. దానికి తర్వాతి కాలంలో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దక్కింది. యాత్రలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశిబెహెరా అని పిలిచే దేరా కులపెద్ద వీధిలోనిది. మొక్కుకున్నవారు వేషాలు కడతారు, వాటిలో పులి వేషం ప్రసిద్ధం. ఒడియా ఊరంతా తెలుగు కులపెద్ద ఇంటికి వచ్చే ఉత్సవం కావడం వల్ల ఇక్కడ గుర్తింపు అంటే వేరుపడటం అని కాదు, ఇచ్చిపుచ్చుకోవడం అని.

రీల్స్ ఈ ఉత్సవానికి కొత్త చూపరులను తెచ్చాయి. సూరత్ మగ్గాల దగ్గర పనిచేసే గంజాం కార్మికుడు కూడా పులి ఆట చూడగలుగుతున్నాడు. కానీ 30 సెకన్ల చట్రంలో పట్టేవి రంగు, డప్పు, గంతు. ఎవరు ఎవరికి మొక్కారు, ఏ వీధి ఏ వేషం ఎందుకు కడుతుంది అన్న సంగతి పట్టదు. దృశ్యం విస్తరిస్తోంది, సందర్భం ఊళ్లోనే ఉండిపోతోంది.

సిరోంచ వైపు బతుకమ్మలోనూ ఇలాంటి మార్పే. ఒకరు అందుకుంటే మిగిలినవారు 'ఉయ్యాలో' అని పలకడం ఆ పాట తీరు. ఆ తీరే జ్ఞాపకాన్ని నిలిపే యంత్రం. అందుకునే మనిషికి కథ మొత్తం గుర్తుండాలి, పలికేవారు వింటూ నేర్చుకుంటారు. స్పీకరులో రికార్డు పాట వచ్చాక అందరూ పలికేవారే, అందుకునేవారు లేరు. పండుగకు వచ్చే జనం పెరిగినా పాట తెలిసినవారి సంఖ్య తగ్గగలదని దీనివల్ల అర్థమవుతుంది.

తెలుగు మరొకరికి పెద్దన్న

గిడుగు పేరు తలుచుకున్నప్పుడు ఆయన సవర భాష కోసం చేసిన పని కూడా తలుచుకోవాలి. సవరలు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. 1936లోనే మంగేయి గొమాంగో వారికి సొరంగ్ సొంపెంగ్ లిపి కల్పించారు. అది తర్వాత యూనికోడ్‌లోనూ చేరింది. అయినా సవర పిల్లవాడి ఫోన్లోకి వినోదం వచ్చేది ఒడియాలో, తెలుగులో, హిందీలో. మల్కన్‌గిరి కోయలకు, గడ్చిరోలి మాడియా గోండులకు పరిస్థితి ఇంతే. రాష్ట్రంలోనూ, మార్కెట్‌లోనూ చిన్నవైన భాషలివి. ఒడియా నీడలో ఉన్నానని బాధపడే సరిహద్దు తెలుగు, ఈ భాషల మీద తానే నీడ వేస్తోంది. తెలుగు గుర్తింపు గురించి చేసే ఏ వాదనైనా ఈ నిజం దగ్గర ఆగి పరీక్షించుకోవాలి.

రాబోయే కొన్నేళ్లు

కృత్రిమ మేధతో డబ్బింగు ఖర్చు పడిపోతోంది. ఒక భాషలో పెట్టిన వీడియోకు యంత్రమే మరో భాషలో గొంతు పెడుతోంది. ఖర్చు తగ్గితే ఒడియా, మరాఠీలకూ విదేశీ కథలు చేరతాయి. అప్పుడు సరిహద్దు తెలుగువారికి ఇప్పుడున్న మార్కెట్ ఆధిక్యం పలచబడుతుంది, బరంపురం యువత ఒడియా గొంతునూ ఎంచుకోవచ్చు. మరోవైపు ఈ యంత్రాలు నేర్చుకునేది ఇంటర్నెట్‌లో ఎక్కువగా దొరికే తెలుగును. 'నానొచ్చినాను' అన్న గొంతు తక్కువగా రికార్డయి ఉంటే, యంత్రం దాన్ని గుర్తించదు. గుర్తించని ఫోన్‌తో మాట్లాడటానికి మనుషులే తమ పలుకు మార్చుకుంటారు. యాస మీద ఇది సినిమా కన్నా బలమైన ఒత్తిడి కాగలదు. ఆ యాసలో కథలు, పాటలు, మామూలు కబుర్లు రికార్డు చేసి పెట్టుకునే పని ఖరీదైనది కాదు, ఒక్క ఫోన్ చాలు. ఆలస్యమైతే ఆ యాస నిండుగా వచ్చినవారు మిగలరు.

ఈలోగా 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనాభా లెక్కలు జరగనున్నాయి. మాతృభాష ఏమిటని ఇంటింటా అడుగుతారు. యూట్యూబ్‌లో తెలుగు పాటకు నొక్కిన ప్రతి నొక్కూ ఏదో ఒక సంస్థ లెక్కలో తెలుగుగా నమోదవుతూనే ఉంది. బడిలో ఉపాధ్యాయుణ్ని తెచ్చేది ఆ లెక్క కాదు. గణన ఫారంలోని ఒక గడి, బడిలో తెలుగు అడిగిన పది మంది పిల్లల పేర్లు.